గోడ గుండెలోంచి తీసిన రాళ్లు

రాయిని పాయసంలా కాచి, ఏటిగట్టు మీద పోసి, పైన దుప్పటి కప్పి పన్నెండు రోజులు పడుకోబెడతానని నీలవేణి మొదటిసారి చెప్పినప్పుడు మీటింగులో ఉన్న పెద్దలంతా నవ్వారు. ఒకాయనైతే కళ్లజోడు తీసి తుడుచుకుని మరీ నవ్వాడు. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ నవ్వినాయనే గవ్వలంకలో రిబ్బను కత్తిరించి, ఇలాంటి తెలివి మన నేలలోనే పుడుతుందని మైకులో చెప్పాడు. పెద్దమనుషుల సంగతి తెలిసిందే కదా, ఆయన్ని అక్కడే వదిలేద్దాం.

గవ్వలంక గోదావరి నడిమధ్యన ఉన్న ఊరు. ఆరువందల గడప. అరటితోటలు, కూరపాదులు, పాడి, అన్నీ ఉన్నాయి. శ్రావణమాసం ఒక్కటే వాళ్లది కాదు. ఆ నెలలో వరదొస్తే ఊరు ఊరంతా పిల్లాజెల్లాతో అవతలి ఒడ్డున స్కూలు బిల్డింగుల్లో కాపురం పెట్టేది. మట్టిగట్టు పోస్తే ఏరు కోసుకుపోయేది. రాళ్లు పేర్చి సిమెంటు పెడితే ఆ అతుకుల్లోంచి నీళ్లు దూరి ఒక్కొక్క రాయీ ఊడదీసేవి. నీలవేణి అన్నది ఒక్కటే. అతుకన్నది లేకుండా మూడు కిలోమీటర్ల గోడంతా ఒకే రాయైతే నీళ్లకి పట్టు ఎక్కడ దొరుకుతుంది?

అంత రాయి నల్లమెట్టలో ఉంది. కోట్ల ఏళ్ల కిందట భూమిలోంచి లావా పొంగి, పారి, గట్టిపడిన మెట్ట అది. క్రషర్ల వాళ్లు కంకర పట్టుకుపోగా మిగిలిన పొడి గుట్టలు గుట్టలుగా పేరుకుని ఉంది. ఆ పొడిని కరిగించి మళ్లీ లావా చేసే కొలిమిని నీలవేణి లేబరేటరీ తయారుచేసింది. చక్రాల మీద నడిచే కొలిమి, రెండంతస్తుల మేడంత ఉంటుంది. కాగితాల మీద దానికి పొడుగాటి పేరుంది గానీ లంకలో అందరూ కుంపటి అనేవారు. చివరికి నీలవేణి కూడా అదే అనడం మొదలుపెట్టింది.

అసలు పని కరిగించడంలో లేదు, చల్లార్చడంలో ఉంది. ఈ సంగతి లంకలో మొదట అర్థమైంది అరటితోట మరిడమ్మకి. ఆవిడకి నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. మొదటి పోత రోజున కుంపటి దగ్గరకొచ్చి, ఎర్రగా కుతకుతలాడుతున్న రాయిని చూసి, దీని మీద నాలుగు బిందెలు నీళ్లు కొట్టేస్తే గంటలో గోడైపోతుంది కదా, ఈ ఊకబూడిద దుప్పట్లేమిటి, బాలింతరాలికి చేసినట్టు పన్నెండు రోజుల చాకిరీ ఏమిటి అని నిలదీసింది. నీలవేణి ఆవిణ్ణి ఆవిడ వంటింట్లోకే తీసుకెళ్లి పంచదార పాకం పట్టించింది. ఒక గరిటెడు చన్నీళ్లలో పోస్తే అద్దంలా గట్టిపడి, వేలితో నొక్కగానే పుటుక్కున విరిగింది. మిగతా దాన్ని గిన్నెలో దారం వేలాడదీసి, చుట్టూ గుడ్డలు చుట్టి అటకెక్కించింది. పది రోజుల తర్వాత దింపితే దారం నిండా పటికబెల్లం పలుకులు.

"రాయీ అంతే మరిడమ్మగారూ," అంది నీలవేణి. "తొందరపెడితే పలుకు కట్టడానికి టైముండదు, గాజైపోతుంది. నిదానంగా చల్లారితే పలుకూ పలుకూ ఒకదాన్నొకటి పట్టుకుని పెరుగుతాయి. అప్పుడు ఏనుగొచ్చి కుమ్మినా కదలదు."

మరీ నెలల తరబడి చల్లారిస్తే పలుకులు పెద్దవైపోయి వాటి మధ్యనే చీలికలు వస్తాయి. ఆవగింజంత పలుకు దగ్గర రాయి అన్నిటికన్నా గట్టిగా ఉంటుంది. దానికి సరిగ్గా పన్నెండు రోజులు పడుతుంది. ఇదంతా కనుక్కోవడానికి నీలవేణికి ఎనిమిదేళ్లు పట్టింది. ఆ మాట చెప్పేలోగా మరిడమ్మ పటికబెల్లం నోట్లో వేసుకుని తోటలోకి వెళ్లిపోయింది.

గోడ పనికి పెద్ద మేస్త్రీ పల్లపు గురవయ్య. నీలవేణికి స్వయానా మేనమామ. తండ్రి నల్లమెట్ట క్వారీలో మందుగుండు పేలుడికి పోయినప్పుడు ఆమెకి ఎనిమిదేళ్లు. ఆ పిల్లనీ తల్లినీ తన గుడిసెకి తెచ్చుకుని, పగలు క్వారీలోనూ సాయంత్రం రోడ్డు పనిలోనూ రాళ్లు కొట్టి చదివించాడు. రాయి మీద అరచెయ్యి ఆనించి సుత్తితో ఒక్కసారి తట్టి, లోపల ఎక్కడ చీలికుందో చెప్పేసేవాడు. తను మైక్రోస్కోపులో అరగంట చూసి చెప్పేది ఆయన అరనిమిషంలో చెబుతుంటే నీలవేణికి గర్వంగానూ ఉండేది, కాస్త ఒళ్లుమంటగానూ ఉండేది. గోడ పని రాగానే మేస్త్రీగా ఆయన పేరే రాసింది. ఎవరూ కాదనలేదు, ఎందుకంటే నల్లరాయి తెలిసినవాడు ఆ చుట్టుపక్కల ఆయన ఒక్కడే.

వాళ్ల ఇళ్లల్లో ఒక పద్ధతి ఉంది. ఆడపిల్లకి రోలో సన్నికల్లో ఇవ్వాల్సొస్తే పైపొర రాయి ఇవ్వరు. బండ పగలగొట్టి, గుండె దాకా వెళ్లి, మచ్చ లేని ముక్క చూసి చెక్కిస్తారు. పైరాయి ఇచ్చిన మేనమామ నలుగురిలో తలెత్తుకు తిరగలేడు. నీలవేణి పెళ్లి చేసుకోలేదు. రోలు చెక్కి ఇచ్చే ముచ్చట గురవయ్యకి తీరలేదు, పైకి అనకపోయినా ఆ వెలితి ఆయనకి ఉండేది.

గోడంతా పోసి చల్లార్చాక పరీక్ష మిగిలింది. యాభై మీటర్లకి ఒక ముక్క చొప్పున అరవై ముక్కలు కోసి, పల్చగా అరగదీసి, పలుకుల కొలత చూడాలి. ఆ వారం నీలవేణి హైదరాబాదులో మీటింగుల్లో ఇరుక్కుపోయింది. ఫోన్ చేసి, ముక్కలు నువ్వే కోసి పంపు మావయ్యా, రాయి సంగతి నీకన్నా ఎవరికి తెలుసు అంది. ఆ మాటకి గురవయ్య పొంగిపోయాడు. నలుగురు మనుషుల్ని పెట్టుకుని తొమ్మిది రోజులు కష్టపడి, ఒక్కొక్క ముక్కనీ కొత్త తువ్వాల్లో చుట్టి, సుద్దతో నంబరేసి లేబరేటరీకి పంపాడు. తువ్వాళ్లు చూసి అక్కడి కుర్ర సైంటిస్టులు నవ్వుకుంటే నీలవేణి కసురుకుంది.

అరవై ముక్కల్లోనూ ఆవగింజంత పలుకులే. వైశాఖంలో మూడు రోజులు ఏకధారగా అకాలవర్షం కురిసినప్పుడు పోసిన భాగంలో కూడా అంతే. అక్కడికొచ్చేసరికి ఆమె కలం ఒక్క క్షణం ఆగింది. ఎండలో చల్లారిన రాయీ వానలో చల్లారిన రాయీ ఒకేలా ఎలా ఉన్నాయి? గోడ నడిబొడ్డున పాతిన థర్మామీటర్ల లెక్కలు తీసి చూసింది. అవీ సరిగ్గానే ఉన్నాయి. అయితే ఊకబూడిద దుప్పటి గొప్పదనమే అనుకుని, లోలోపల మురిసిపోయి, గోడ ఎంత వరదకైనా ఆగుతుందని రాసి సంతకం పెట్టింది. ఆ ముక్కలు పరాయివాడు పంపినవైతే ఆ రోజే లేచి వెళ్లి చూసేది. మావయ్య పంపినవి కాబట్టి వెళ్లలేదు.

ప్రారంభోత్సవానికి గోడకి ఆ చివర నుంచి ఈ చివర దాకా సున్నం కొట్టించారు. ఎవరి ఆలోచనో గానీ నల్లరాయి తెల్లగా మెరిసిపోయింది.

ఆ తర్వాత రెండు నెలల్లో గవ్వలంక మారిపోయింది. ఏటా జ్యేష్ఠంలోనే మూటలు సర్ది అటకెక్కించే ఆడవాళ్లు ఈసారి వాటిని విప్పేశారు. కొందరు పాకలు పీకి మేడలకి పునాదులు తీశారు. ఇంటికొకటి ఉండే పడవల్ని చాలామంది అమ్మేసుకున్నారు, గోడుండగా పడవ దండగని. మరిడమ్మ తన పడవని అడ్డంగా కోయించి గేదెలకి కుడితితొట్టి చేసింది. నీలవేణి ఇదంతా చూసి సంతోషపడింది. ఎందుకు పడదు, ఆమె కట్టిన గోడ.

శ్రావణం వచ్చింది. ఎగువన వానలు దంచికొట్టాయి. మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసినా లంకలో ఎవరూ చలించలేదు. ఆదివారం నాడు నీటిమట్టం కొలిచే మీటర్లన్నీ చూసుకుని నీలవేణి మధ్యాహ్నం భోజనానికి మావయ్య ఇంటికి వెళ్లింది. గోడ కాపలా పని కూడా ఆయనకే ఇచ్చారు కాబట్టి ఆయనా అత్తయ్య సత్తెమ్మా గోడ పక్కనే రెండు గదుల ఇంట్లో ఉంటున్నారు. సత్తెమ్మ పెరట్లో కూచుని బొచ్చెచేపకి పొలుసు గీస్తోంది. చేతిలో కత్తి లేదు. వేలెడు పొడుగున్న నల్లటి పెంకు ఏదో ఉంది.

ఏమిటత్తయ్యా అది అని అడిగింది నీలవేణి. సత్తెమ్మ దాన్ని ఎత్తి చూపించి, గోడ కింద బోలెడు పడున్నాయని, మిట్టమధ్యాహ్నం ఎండ కాసి సాయంత్రం జల్లు పడితే టపటపమని వాటంతటవే రాలతాయని, దీని పదును ముందు కత్తిపీట ఎందుకూ పనికిరాదని చెప్పింది. లంకలో సగంమంది ఆడవాళ్లు చేపలకీ వంకాయలకీ ఇవే వాడుతున్నారట.

నీలవేణి పెంకు చేతిలోకి తీసుకుని వెలుతురుకేసి పట్టింది. పల్చటి అంచులోంచి తేనెరంగు వెలుగు కనిపించింది. సంచిలోంచి లెన్సు తీసి కంటికి ఆనించింది. ఆవగింజ కాదు, నువ్వుగింజ కాదు, పలుకన్నదే లేదు. నున్నటి గాజు. ఆమెకి ఆకలి చచ్చిపోయింది. 

లోపల గురవయ్య అన్నం ముందు కూచుని ఆమె కోసం ఎదురుచూస్తున్నాడు. ఎదురుగా కూచుని అడిగింది.

"మావయ్యా, వానలో పోసిన చోట నాకు ముక్కలు ఎక్కణ్ణించి తీశావు?"

"లోపల్నించి," అన్నాడు గురవయ్య ఉత్సాహంగా. "ఆ పక్క పైన పెంకులు పెంకులుగా ఊడొచ్చిందే. నాకు నచ్చలేదు. మూరెడు లోపలికెళ్తే గానీ మంచి రాయి తగల్లేదు. నాలుగు ఉలులు విరిగినయ్యి."

"పైది ఎందుకు పంపలేదు?"

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. అదేం ప్రశ్న అన్నట్టుంది ఆ చూపు.

"నీకిచ్చేది అలాంటి రాయా బుల్లీ?"

 నీలవేణికి కోపం రావాల్సిన చోట ఏడుపొచ్చింది. ఆ తొమ్మిది రోజులూ ఈయన గోడకి పరీక్ష చెయ్యలేదు, తనకి సారె పెట్టాడు. యాభై మీటర్లకొకటి చొప్పున, గోడలో ఉన్న మంచంతా ఏరి, తువ్వాళ్లలో చుట్టి పంపాడు. తను ఆ మంచి చూసి గోడంతా మంచిదని రాసింది. థర్మామీటర్లు కూడా గోడ గుండెలోనే పెట్టింది. అక్కడ వేడి నిదానంగానే దిగింది. పైన వానకి బూడిద దుప్పటి తడిసి జారిపోతే ఏటివైపు ముఖమంతా గబుక్కున చల్లారి గాజైపోయింది. దాన్ని ఎవరూ కొలవలేదు, పైగా సున్నం కొట్టి దాచారు.

గురవయ్య ఆమె మొహం చూశాడు. కలిపిన ముద్ద కంచంలో పెట్టేశాడు. తప్పు జరిగిందా అని అడగలేదు. లేచి చెయ్యి కడుక్కుని సుత్తీ ఉలీ తీసుకుని గోడ వైపు నడిచాడు. ఆమె వెనకాల వెళ్లింది.

ఎగువ వైపున రెండువందల నలభై అడుగుల మేర సున్నం గీకితే కింద నల్లగా తళతళలాడింది. ఏటి నీళ్లు అప్పటికే ఆ గోడకి సగం దాకా ఎక్కాయి. పైన వెంట్రుకవాసి పగుళ్లు కనిపించాయి. నీలవేణి చెంబుతో నీళ్లు తెచ్చి ఒక పగులు మీద పోస్తే, నీళ్లు పక్కకి జారకుండా లోపలికి ఇంకిపోయాయి. అంటే పగులు గాజు దాటి లోపలి రాయిలోకి పాకుతోంది. దుంగలు కొట్టుకొచ్చి ఆ పెంకుకి తగిలితే, గాజులో బిగపట్టి ఉన్న ఒత్తిడంతా ఒక్కసారి విడుదలై పగుళ్లు లోపలికి దూసుకుపోతాయి. రేపు సాయంత్రానికి రెండో హెచ్చరిక, ఎల్లుండి మధ్యాహ్నానికి మూడోది వస్తుందని రేడియోలో చెబుతున్నారు.

లేబరేటరీ డైరెక్టరు పద్మాకర్ గారికి ఫోన్ చేసింది. ఆయన అంతా విని, మూడు కిలోమీటర్లలో రెండువందల నలభై అడుగులు ఎంతని, గోడ రెండు నెలల నుంచీ నిలబడే ఉంది కదా అని, కమిటీ వేసి చూద్దామని అన్నాడు. ఇప్పుడు నీ సంతకం నువ్వే కొట్టేసుకుంటే ఈ పద్ధతిలో మళ్లీ ఎక్కడా గోడ లేవదమ్మా అని కూడా అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు, భయస్తుడు.

నీలవేణి చాలాసేపు గోడ మీద కూచుంది. ఉద్యోగం పోతే పోనీ, దానికి ఆమె సిద్ధమే. ఎనిమిదేళ్ల కష్టం పోతే ఏడుస్తుంది, అయినా తట్టుకుంటుంది. మావయ్య సంగతే ఆమెని పట్టి లాగుతోంది. కాగితం మీద ఒక్క ముక్క రాస్తే చాలు, ముక్కలు ఏరిందెవరని అడుగుతారు. చేతులు కాయలు కాచేలా రాళ్లు కొట్టి తనని పెంచిన మనిషి పేరు చివరికి దొంగ నమూనాలు పంపిన మేస్త్రీగా పేపర్లో పడుతుంది. ఒక్క రెండు రోజులు ఊరుకుంటే, ఏరు కాస్త కనికరిస్తే, ఎవరికీ తెలియకుండా ఆ ముక్క మళ్లీ పోసుకోవచ్చు. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. గోడ లోపలి వైపు ఎవరి ఇంట్లోనో పిల్లలకి తలంట్లు పోస్తున్నారు, సాంబ్రాణి పొగ గాల్లో తేలుతూ గోడ మీదికొచ్చింది. ఆమె లేచి తహసీల్దారుకి ఫోన్ చేసి, గోడ నమ్మదగింది కాదు, నా సర్టిఫికెట్ రద్దు చేస్తున్నాను, ఊరు ఖాళీ చేయించండి అని చెప్పి, అదే మాట రాసి పంపింది.

రాసినంత తేలిక కాదు ఖాళీ చేయించడం. సోమవారం పొద్దున్నే తహసీల్దారు మైకు పట్టుకుని వీధివీధీ తిరిగితే జనం గోడ దగ్గర పోగయ్యారు గానీ ఒక్కరూ మూట కట్టలేదు. రెండు నెలల కిందట గోడకి గ్యారంటీ ఇచ్చింది ఈవిడే, ఇవాళ కూలిపోతుందనేదీ ఈవిడే, ఏది నమ్మాలి అన్నారు. అడగడంలో తప్పేముంది? ఎవడో రొయ్యల చెరువులకి లంక అంటగట్టే ఎత్తని గుసగుసలు కూడా లేచాయి. నీలవేణి గాజుపెంకు చూపించి ఎంత చెప్పినా, ఇలాంటివి మా వంటింట్లో డజను ఉన్నాయి, చేప బాగా గీస్తాయి అన్నారు.

ఆఖరికి మరిడమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. ఆవిడ చూపు నీలవేణి మీద లేదు, గురవయ్య మీద ఉంది.

"ఈ కాగితాల గొడవ మాకు తెలీదు గురవయ్యా. ఈ గోడ పోసింది నువ్వు. రాయి పట్టుకుని చెప్పేవాడివి నువ్వు. నీ నోటితో చెప్పు. ఉండమంటావా, పొమ్మంటావా?"

గురవయ్య తల ఎత్తలేదు. నిన్నటి నుంచీ ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు, అన్నం కూడా ముట్టలేదని సత్తెమ్మ పొద్దున్నే చెప్పి కళ్లొత్తుకుంది. నీలవేణి ఆయన దగ్గరికి వెళ్లింది. జనం ముందు ఆయన్ని నిలబెట్టడం ఆమెకి ప్రాణం పోతున్నట్టే ఉంది. వేరే దారి లేదు.

"మావయ్యా, పైరాయి ఒక ముక్క కావాలి. ఇక్కడ కొట్టి ఇవ్వు."

ఆయన ఆమె వైపు చూసిన చూపు ఆమె జన్మలో మర్చిపోదు. కొట్టమని కాదు, కొట్టి ఇవ్వమని అడిగింది. యాభై ఏళ్ల చేతిపనిలో ఆయన ఎవరికీ, అందులోనూ ఇంటి ఆడపిల్లకి, చెడ్డ రాయి చేతిలో పెట్టలేదు. సుత్తి పట్టుకుని రెండుసార్లు ఎత్తి దించాడు. మూడోసారి కొట్టాడు.

పెద్ద దెబ్బ కూడా కాదు. గోడ పైఅంచు నుంచి కింద నీళ్ల దాకా చటచటమని ఒక గీత పాకింది. మంచమంత పలక విడిపోయి, ఒక్క క్షణం అలాగే నిలబడి, ఏట్లోకి జారిపోయింది. అంచు మీద అరచేతి వెడల్పు ముక్క మిగిలింది. గురవయ్య దాన్ని ఊడదీసి, అలవాటు కొద్దీ పంచె చెంగుతో తుడిచి, మేనకోడలి చేతిలో పెట్టాడు.  తర్వాత జనం వైపు తిరిగి, "పోండమ్మా," అన్నాడు. "నా గోడ ఆగదు."

మరిడమ్మ ఆ ఒక్క మాటకి వెనక్కి తిరిగి ఇంటికి నడిచింది, ఆవిడ వెనకే ఊరూ కదిలింది. కానీ వెళ్లడానికి పడవలేవి? అమ్మేసుకున్న పడవలు అవతలి ఒడ్డున ఇసుక మోస్తున్నాయి. తహసీల్దారు వాటిని పిలిపించాడు, ఫైరింజన్ వాళ్ల రబ్బరు పడవలు వచ్చాయి, రేవు దాటించే పాత లాంచీ వచ్చింది. సోమవారమంతా, మంగళవారం మధ్యాహ్నం దాకా మనుషుల్నీ పశువుల్నీ దాటించారు. నీలవేణి ఇంటింటికీ తిరిగి తలుపులు తట్టింది. కొందరు తిట్టారు. ఒక ముసలాయన పునాదుల్లో కూచుని రానంటే గురవయ్య ఆయన్ని భుజాన వేసుకుని తెచ్చాడు. 

మంగళవారం మూడు గంటలకి, ఎగువ నుంచి కొట్టుకొచ్చిన తాటిదుంగలు గోడకి తగలడం అవతలి గట్టు మీద నుంచున్న వాళ్లందరికీ కనిపించింది. రెండు దెబ్బలకి ఆగింది. మూడో దెబ్బకి వానలో పోసిన ఆ రెండువందల నలభై అడుగులూ నిలువునా విచ్చుకుని పడిపోయాయి. మిగతా గోడ ఎక్కడిదక్కడే నిలబడి ఉంది. సందులోంచి ఏరు లోపలికి దూకి, సాయంత్రానికి అరటితోటల్నీ పాకల్నీ కొత్త పునాదుల్నీ తనలో కలుపుకుంది. గట్టు మీద ఆడవాళ్లు ఏడుస్తుంటే తహసీల్దారు చేతిలో కాగితం పెట్టుకుని పేరుపేరునా పిలిచి లెక్క చూసుకున్నాడు. ఎవరూ తగ్గలేదు. నీలవేణి అక్కడే బురదలో కూలబడి, ఊళ్లో వాళ్లతో పాటు ఏడ్చింది.

నెల తిరక్కుండానే మండలాఫీసులో విచారణ పెట్టారు. లంక జనం హాలు నిండా, వరండా నిండా ఉన్నారు. నీలవేణి లేచి తప్పు తనదని చెప్పింది. ముక్కలు తను దగ్గరుండి తీయించాలి, తీయించలేదు. థర్మామీటర్లు గోడ పైపొరలో కూడా పెట్టాలి, పెట్టలేదు. వానలో పోసిన రాయి కూడా ఎండలో పోసిన రాయిలాగే కనిపించినప్పుడు అనుమానపడాలి, పడలేదు. విచారణాధికారి అంతా రాసుకుని, మరి ముక్కలు ఏరిందెవరని అడిగాడు. బాధ్యత నాదేనండి అందామె. ఏరిందెవరని మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ అదే అంది.

వెనక బెంచీలోంచి గురవయ్య లేచాడు.

"నేనేనండి. అరవయ్యీ నేనే ఏరాను."

మంచీ చెడ్డా తెలిసే ఏరావా అని అడిగాడు అధికారి. తెలిసే ఏరానన్నాడు. ఎవరైనా అలా చెయ్యమన్నారా? లేదన్నాడు. మరెందుకు చేశావంటే గురవయ్య నీలవేణి వైపు చెయ్యి చూపించాడు.

"అడిగింది మా పిల్లండి. చెడ్డ రాయి పెట్టడానికి చెయ్యి రాలేదు."

 అధికారి ఆ మాట ఎలా రాయాలో తెలియనట్టు కలం పట్టుకుని ఉండిపోయాడు. అప్పుడు మరిడమ్మ లేచింది. ఇల్లూ తోటా పోయిన మనిషి, ఎవరిదో చీర కట్టుకుని ఉంది. ఆయన ఏరబట్టే మా ఇళ్లు పోయాయి, అది రాసుకోండి అంది. తర్వాత, ఆయన పగలగొట్టబట్టే మేం బయటపడ్డాం, అది కూడా రాసుకోండి, ఒకటి రాసి ఒకటి మానెయ్యకండి అంది. అధికారి రెండూ రాశాడు.

గురవయ్యని ఇక మీదట సర్కారు పనుల్లో పెట్టకూడదని ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. నీలవేణి సంగతి తర్వాత తేలుస్తామన్నారు. ఇద్దరూ బయటికొచ్చి బస్టాపులో సిమెంటు బెంచీ మీద కూచున్నారు. వరదకి ముందు నుంచీ వాళ్లిద్దరి మధ్యా సరైన మాటే లేదు. గురవయ్య చేతులు ఒళ్లో పెట్టుకుని, వాటినే చూసుకుంటూ అడిగాడు, గోడ మళ్లీ పోస్తారా అని.

పోస్తారంది నీలవేణి. నిలబడిన గోడని చూశారు కదా, వదలరు. తనని ఉంచుతారో లేదో మాత్రం తెలియదంది.

"ఉంచితే ముక్కలెవరు ఏరతారు?"

"ఎవరూ ఏరరు మావయ్యా. చీట్లు వేస్తాం. ఏ చోటొస్తే అక్కడ, పైరాయైతే పైరాయే. నేనే దగ్గరుండి తీస్తాను."

 రోడ్డు చివర బస్సు కనిపించింది. గురవయ్య లేచి, ఆమె సంచి తన భుజానికి తగిలించుకున్నాడు.

"చెడ్డది చేతికొస్తే పక్కన పెట్టెయ్యకు తల్లీ," అన్నాడు. "ముందు దాన్నే చూడు."

అలాగే మావయ్యా అంది నీలవేణి. బస్సు ఆగింది, ఇద్దరూ ఎక్కారు.